కోనసీమ పెళ్ళిలో యార్క్‌షైరు చుట్టం

కిందటి నెల మన సంఘం సమావేశంలో టీ తాగుతుంటే ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న వేశారు. "మా ఆఫీసువాళ్ళు మన పెళ్ళి చూస్తామంటున్నారండీ. తీసుకెళ్తే ఏం కట్టుకోమనాలి, ఏం చెయ్యమనాలి?" నేను ఈమధ్యనే ఆ పని చేసి వచ్చానని తెలిసి సంపాదకులు గారు వెంటనే ఓ పేజీ ఖాళీ ఉంచేశారు. చీరెకి ఎన్ని పిన్నీసులు కావాలో, అక్షింతలు ఎప్పుడు వెయ్యాలో రాద్దామనే కూర్చున్నాను. అవీ చెప్తాను. కాని అక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. అది వదిలేసి మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు.

మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి. అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వార్డు సిస్టరు, యాభై అయిదు దాటిన మనిషి, నాతో బయల్దేరింది. కాకినాడలో చదువు ముగించుకుని నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో యార్క్‌షైరు యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఛాతీలో నొప్పి అంటున్నాడో, చలిగా ఉందంటున్నాడో తెలియక రోగి ముందు బిక్కమొహం వేసుకు నిలబడితే పక్కకి పిలిచి మెల్లిగా చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడ భర్త పోయి ఎనిమిదేళ్ళు. సిటీ బస్సు నడిపేవారట. పెళ్ళినాటి ఉంగరం ఇప్పటికీ వేలికే ఉంటుంది. ఇక్కడ అది మామూలే కదా, నేనెప్పుడూ పట్టించుకోలేదు.

హైదరాబాదులో ఒక రోజు ఆగి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లవారుజామున గోదావరి వస్తోందని లేపితే, సిస్టరు శాలువా కప్పుకుని తలుపు దాకా వచ్చింది. నా చిన్నప్పుడు రైలు వంతెన ఎక్కగానే అమ్మ మా చేత నాణెం వేయించేది. ఆ సంగతి చెప్పి ఓ రూపాయి ఇచ్చాను. "ఇంకోటి ఉందా?" అంది. ఇచ్చాను. "ఒకటి నాది, ఒకటి ఆయనది" అని రెండూ చీకట్లోకి విసిరింది. నీళ్ళలో పడ్డాయో, వంతెన మీదే పడ్డాయో మరి.

రాజమండ్రిలో కాఫీలయ్యాక, తెల్లవారి వెలుగులో రేవు నుంచి వంతెనలు చూపించాను. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగిపోయినా స్తంభాలింకా నీళ్ళలో బారులు తీరి ఉన్నాయి. అక్కణ్ణుంచి వీరేశలింగం పంతులు గారి ఇంటికి తీసుకెళ్ళాను. ఇల్లు అలాగే ఉంచి ప్రదర్శనశాల చేశారు. ఇక్కడ నేను కొంచెం గొప్పలు పోయానని ఒప్పుకోవాలి. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చినా మనవైపు పాతికేళ్ళు కాగితం మీదే ఉండిపోయిందనీ, 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే పంతులు గారు మొదటి పెళ్ళి చేయించారనీ, ఊరు వెలివేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి తనే నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారనీ గైడు లెవెల్లో చెప్పాను. సిస్టరు అంతా శ్రద్ధగా విని, "అయితే ఇప్పుడు భర్త పోయినవాళ్ళకి ఏ అభ్యంతరాలూ లేవన్నమాట" అంది. "అబ్బే, అదంతా పాతకాలం" అన్నాను.

దారిలో ధవళేశ్వరం దగ్గర ఆగాం. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేసిన ఆనకట్ట చోటనే ఇప్పుడు బ్యారేజి ఉంది. "మా దేశం వాడికి మీరు విగ్రహం పెట్టుకున్నారా!" అని ఆశ్చర్యపోయింది. ఒకటా, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో! కడియం నర్సరీల పూల బారులు దాటి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి రావులపాలెంలో దిగితే ఇక కోనసీమే. అరటి గెలల లారీలు, కాలవ గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఈ లంకభూమిని ఎన్నిసార్లు చూసినా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని కూర్చుంది. డ్రైవరు హారను భయానికిలెండి.

ఇప్పుడు కోనసీమలో కూడా పెళ్ళంటే కల్యాణ మండపమే. మా పిన్ని మాత్రం ఇంటి ముందే కావాలని పట్టుబట్టి తాటాకు పందిరి వేయించింది. బాబయ్య పోయి ఆరేళ్ళు. పిన్ని బడిపంతులమ్మ. జీతంలోంచి కూడబెట్టి, బంగారం దగ్గర్నుంచి బాజాల దాకా తనే బేరమాడి, పెళ్ళికొడుకు వాళ్ళతో తనే మాట్లాడి కుదిర్చిన పెళ్ళి. సిస్టరు కూడా ఒంటరి మనిషేనని ఫోన్లో ఎప్పుడో చెప్పాను. "అలాగా, తీసుకురా" అంది అంతే.

దొరసానమ్మ వచ్చిందని గంటలో ఊరంతా తెలిసింది. ఓ పెద్దాయన కర్ర పోటేసుకుంటూ వచ్చి, "కాటన్ దొర గారి వేపు బంధువులా?" అని నన్నడిగి, కాదన్నా వినకుండా దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ సందట్లోనే మా పెద్దమ్మమ్మ, అమ్మమ్మ అక్కగారు, ఎనభై దాటిన మనిషి, సిస్టరు చెయ్యి పట్టుకుని ఉంగరం తిప్పి చూసి అడిగింది. "ఆయనేం చేస్తారే? కూడా రాలేదేం?"

"ఏమంటున్నారు?" అంది సిస్టరు.

"మీ వారి గురించి అడుగుతోంది."

ఆవిడ మొహం విప్పారింది. "ఎనిమిదేళ్ళయింది పోయి. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపాడు, ఒక్క యాక్సిడెంటు లేదు. ఉండుంటే ఈ పాటికి వంటవాళ్ళతో కూర్చుని కూరలు తరుగుతూ ఉండేవాడని చెప్పు" అంది.

చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. గుమ్మానికి తోరణం కడుతున్నారు. రోట్లో పసుపు కొమ్ములు. నేను పెద్దమ్మమ్మతో అన్న మాట ఇది. "బస్సు కంపెనీలో పనిట. రాలేకపోయారు."

"అయ్యో, సెలవు దొరకలేదు కాబోలు" అని ఆవిడ సిస్టరు చేతికి రోకలి ఇచ్చింది. అలా మా సిస్టరు ముత్తైదువల్లో కలిసిపోయి పసుపు దంచింది. నేను అబద్ధం ఆడలేదు, రాలేకపోయిన మాట నిజమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక మీరడిగిన విషయానికి వస్తాను. వచ్చేవాళ్ళకి ముందే చెప్పండి: నలుపు వద్దు, పూర్తి తెలుపూ వద్దు. తక్కిన ఏ రంగైనా సరే. చీరె ఇక్కణ్ణుంచి కొని మోసుకెళ్ళక్కర్లేదు. లంగా, జాకెట్టు మాత్రం కొలతలకి ముందే కుట్టించుకోండి, అక్కడ పెళ్ళిళ్ళ సీజనులో టైలరు దొరకడు. లంగా బొందు గట్టిగా బిగించాలి, చీరె బరువంతా దాని మీదే. మొదటిసారి కట్టేవారికి కుచ్చెళ్ళ దగ్గర రెండు, భుజాన ఒకటి, వెనక ఒకటి, వెరసి నాలుగు పిన్నీసులు. అయిదోది చేతిసంచిలో. మెత్తటి జార్జెట్టు కన్నా కొంచెం బిరుసైన నూలుచీరె కుచ్చెళ్ళు బాగా నిలుస్తుంది. మగవాళ్ళు పంచె కట్టుకుని కింద బెల్టు పెట్టుకుంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు, మన కుర్రాళ్ళలో సగం మంది చేస్తున్నదదే. చెప్పులు తేలిగ్గా విడిచేవి వేసుకోవాలి. లేసులు విప్పుకుంటూ కూర్చుంటే ఈలోగా సూత్రధారణ అయిపోతుంది. కింద కూర్చోలేనివాళ్ళకి కుర్చీ అడగడం తప్పు కాదు. చదివింపులకి కవర్లో 1,116 రూపాయలు పెట్టండి. ఆఖరి పదహార్లు మర్చిపోవద్దు.

నేనొక నూలుచీరె తెచ్చాను సిస్టరుకి. పెళ్ళి సాయంత్రం అది కడుతుంటే పిన్ని వచ్చి చూసి, "ఇదేం చీరే? పందిట్లో వెలవెలబోతుంది" అని లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచింది. ఉప్పాడ జాందానీ, పసుపుపచ్చ ఒళ్ళు, ఎర్రంచు. ఉప్పాడ చీరె సంగతి మీకు తెలిసిందే, నేసేటప్పుడే బుటా పోగు పోగుగా చేత్తో పెడతారు, ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకేలా ఉంటుంది. అది మా బాబయ్య పిన్నికి ఆఖరుగా కొన్న చీరె. దాంట్లో ఉన్న నాఫ్తలీను ఉండలు దులిపి తనే కట్టింది. నా కుచ్చెళ్ళు విప్పేసి మళ్ళీ పెట్టింది. చేతులకి అరడజను గాజులు ఎక్కించింది. ఎక్కవంటే సబ్బు రాసి ఎక్కించింది. పొట్టి జుట్టులో మల్లెపూలు నిలవకపోతే రెండు స్లైడులు గుచ్చి నిలబెట్టింది. కుంకుమ మాత్రం "నువ్వు పెట్టు" అని నాకిచ్చింది.

ఇప్పుడు మన ఊళ్ళలో తెల్లచీరె కట్టుకోమని ఎవరూ అనరు. పిన్ని రంగుచీరెలోనే బడికెళ్తుంది, చిన్న స్టిక్కరు బొట్టూ పెట్టుకుంటుంది. ఇంట్లో ఏ మాటైనా ఆవిడదే. కాని పెళ్ళి పీటల దాకా వచ్చేసరికి లెక్క వేరు. గోత్రం ప్రకారం బాబయ్య తమ్ముడూ, ఆయన భార్యా కన్యాదానానికి కూర్చున్నారు. పిన్ని బియ్యం రంగు చీరె ఒకటి కట్టుకుని స్టోరు గదిలో తాంబూలం సంచులు లెక్కపెడుతోంది. ఆవిణ్ణి అక్కడికి పొమ్మని ఎవరూ అనలేదు. పందిట్లోకి రమ్మనీ ఎవరూ అనలేదు.

ముహూర్తం రాత్రి 1 గంట 47 నిమిషాలకి. సిస్టరు నైట్ డ్యూటీల మనిషి కనక చెక్కు చెదరలేదు, నాకే నిద్ర తూలింది. మా మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తుంటే, "అంత బరువు అలా ఎత్తకూడదు, నడుం పడుతుంది" అని కంగారుపడింది. తెర అడ్డం పట్టారు. జీలకర్ర బెల్లం తలల మీద పెట్టించే క్షణంలో గట్టిమేళం మోగింది. అక్షింతలు వెయ్యడానికి అదే సమయం. నాలుగు గింజలే తీసుకుని మెల్లిగా పైకి వెయ్యాలని చెప్పాను. ఆవిడ గుప్పెడు తీసుకుని క్రికెట్ బంతి విసిరినట్టు విసిరింది. యార్క్‌షైరు మరి. సగం పురోహితుడి గారి చెవిలో పడ్డాయి. ఆయన మంత్రం ఆపకుండానే నవ్వారు.

తరవాత మంగళసూత్రాలు కొబ్బరిబొండం మీద పెట్టి పళ్ళెంలో ముత్తైదువల ముందుకి తెచ్చారు. అందరూ ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు. పెద్దమ్మమ్మ, "ఆ దొరసానమ్మకి కూడా చూపించండర్రా, అంత దూరం నుంచి వచ్చింది" అంది. పళ్ళెం సిస్టరు ముందు ఆగింది. ఆవిడ నా వేపు చూసింది. ఏం చెయ్యాలని అడుగుతోంది కళ్ళతో. పళ్ళెం పట్టుకున్న అమ్మాయీ నా వేపే చూస్తోంది. నేను తలాడించాను. సిస్టరు రెండు చేతుల్తో తాకి, పక్కవాళ్ళని చూసి నేర్చుకున్నట్టే కళ్ళకద్దుకుంది. ఉంగరం దీపాల వెలుతురులో మెరిసింది. పీటలకి అటువైపు స్టోరు గది కిటికీ. అక్కడెవరో నిలబడ్డట్టు కనిపించి మళ్ళీ కనిపించలేదు.

తలంబ్రాలప్పుడు కాసేపు నవ్వులు, బిందెలో ఉంగరానికి పోటీ. పిల్లే గెలిచింది. "పెళ్ళికూతురి అమ్మగారేరీ? ఫోటోల్లో ఎక్కడా లేరు" అని సిస్టరు రెండుసార్లడిగింది. పనిలో ఉందన్నాను.

భోజనాల గురించి ఒక్క ముక్క. అతిథులు విస్తరి ముందు కూర్చుని ప్రతిదానికీ తల ఊపుతారు. చెయ్యి అడ్డం పెడితే వద్దని అర్థమని చెప్పకపోతే చాలా ప్రమాదం. సిస్టరుకి మూడు బొబ్బట్లు, ముంత నెయ్యి పోశాక ఆ చిట్కా చెప్పాను. పనసపొట్టు కూర మాత్రం మారడిగింది. అది చెక్కపొట్టులా ఉంటుందని ఎలా చెప్పాలో తెలియక పనసకాయ చూపించాను.

మర్నాడు అప్పగింతలయ్యాక పెద్దమ్మమ్మ మా గదికి వచ్చింది. చేతిలో రెండు పొట్లాలు, తాపేశ్వరం మడతకాజాలు. ఒకటి సిస్టరు చేతికిచ్చి, రెండోది దాని మీద పెట్టి, "ఇది దొరగారికి. సెలవు దొరక్క రాలేకపోయారు పాపం" అని బుగ్గలు పుణికి వెళ్ళిపోయింది.

"రెండెందుకు?"

చెప్పక తప్పలేదు. "మీ వారికిట."

ఆవిడ మంచం మీద కూర్చుంది. చాలాసేపటికి, "నువ్వు ఆవిడతో ఏం చెప్పావు?" అంది.

చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. ముత్తైదువలంటే ఎవరో, పళ్ళెం ఎవరి ముందు ఆగుతుందో, ఎవరి ముందు ఆగదో, పిన్ని ఫోటోల్లో ఎందుకు లేదో. మీకు ఇబ్బంది కలగకూడదనే అన్నాను.

ఆవిడ అరవలేదు. వార్డులో కేసు షీటు సరిగా రాయని జూనియరు డాక్టర్లతో మాట్లాడే గొంతు ఒకటుంది ఆవిడకి. ఆ గొంతుతో అంది. "మీ ఆచారాలు నాకు తెలీవు. పక్కన కూర్చోమంటే కూర్చునేదాన్ని. కాని అయిదు రోజుల్నుంచీ మా ఆయన గురించి అడిగింది ఆ ముసలావిడ ఒక్కతే. నేను చెప్పింది ఆవిడకి చేరలేదన్నమాట." కాసేపాగి, "తప్పు రాస్తే ఏం చెయ్యాలి, డాక్టర్?" అంది.

మనలో వైద్యులకి తెలుసు. చెరపకూడదు. ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేసి, సరైనది రాయాలి. మొదట రాసింది కనబడుతూనే ఉండాలి.

వెళ్ళాను. పెద్దమ్మమ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. "ఆయన పోయారుట, ఎనిమిదేళ్ళయింది. నేనే మార్చి చెప్పాను" అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. పెళ్ళివారు వెళ్ళిన దారి వేపు చూసింది. సూత్రం ఆవిడ ముట్టుకున్న సంగతి గుర్తొచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. "ఇంకెవరితోనూ అనకు" అంది చివరికి. మళ్ళీ వత్తి చేతిలోకి తీసుకుని, "ఏం జబ్బు చేసింది?" అనడిగింది. చెప్పాను. కూరలు తరిగే సంగతి కూడా చెప్పాను. పెద్దమ్మమ్మకీ పెద్ద తాతగారు పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. పసుపు దంచేటప్పుడూ, పళ్ళెం తిరిగేటప్పుడూ ఆవిడ అజమాయిషీ చేసిందే కాని, ఒకసారి కూడా చెయ్యి వెయ్యలేదని నాకు అప్పుడు తట్టింది. వియ్యాలవారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. మన పత్రిక అంత దూరం పోదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

తరవాత పిన్ని దగ్గరికెళ్ళి అదే చెప్పబోయాను.

"నాకు తెలుసు కదే, ఫోన్లో నువ్వే చెప్పావుగా" అంది సంచులు మడతపెడుతూ.

"మరి ఆ చీరె, ఆ గాజులు..."

"అవును. తెలిసే కట్టాను." ఇంకేమీ అనలేదు. కాసేపటికి తనే, "పళ్ళెం వచ్చినప్పుడు కిటికీలోంచి చూశాను. జనం అడ్డం. చీరె అంచొక్కటే కనబడింది" అంది.

"నువ్వే వచ్చి ముట్టుకుంటే ఎవరు కాదంటారు పిన్నీ" అన్నాను. పెళ్ళయిపోయాక అనడం సులువే. ముందురోజు పందిట్లో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదని పిన్నికీ తెలుసు. అందుకే కాబోలు జవాబివ్వలేదు.

ఆ సాయంత్రం వంటవాళ్ళు భోంచేసే ఆఖరి బంతిలో పిన్నీ, సిస్టరూ పక్కపక్కనే కూర్చున్నారు. పులిహోర అడుగంటింది, బొబ్బట్లు అయిపోయాయి. సిస్టరు పర్సులోంచి ఫోటో తీసింది, బస్సు ముందు నిలబడ్డ పొడుగాటి మనిషి. పిన్ని లోపలికెళ్ళి బాబయ్య ఫోటో తెచ్చింది, సైకిలు పక్కన. వాళ్ళు చెప్పుకున్నదంతా నేను అటూ ఇటూ అనువాదం చేశాను. ఒక్క మాట వదల్లేదు. కొన్ని నేను వినదగ్గవి కూడా కావు.

చీరె తిరిగిస్తే పిన్ని తీసుకోలేదు. కాజాల రెండో పొట్లం సిస్టరు విప్పకుండానే లీడ్స్ దాకా తెచ్చి, ఆయన పనిచేసిన బస్సు డిపోకి పట్టుకెళ్ళిందిట. పాతవాళ్ళు ఇంకా నలుగురున్నారుట. ఒకాయన పాకం చేతికంటుకుంటే తుడుచుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగాడుట.